పూల పుంజు కావాలంటే పెట్టను చూడండి

కోళ్ల రంగు గురించి అడగడానికి మా ఇంటికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. రాగానే పూల పుంజును, అంటే ఎర్ర ఒంటిమీద తెల్ల చుక్కలున్న పుంజును, అడుగుతారు. "పిన్నీ, పూల పుంజు ఉందంట కదా, ఓసారి బయటికి తియ్యండి" అంటారు. తీస్తే అటూ ఇటూ తిప్పి, రెక్క విప్పి చూసి, ఫోటోలు తీసుకుని, దీని పిల్లలు కావాలంటారు. పక్కనే తౌడు తింటున్న ఎర్ర పెట్ట వంక ఒక్కరూ చూడరు. దాని ఒంటిమీద చుక్క ఒక్కటి కూడా ఉండదు మరి. కానీ వాళ్లు అడిగే పూల పిల్లలు దాని గుడ్లలోంచి వచ్చినవే.

మాది రాజోలు వైపు, వశిష్ఠకూ వైనతేయకూ మధ్య. కొబ్బరితోటలో జాతి కోళ్లు పెంచడం మా అత్తగారింట్లో ఎప్పటినుంచో ఉంది. రంగుల పేర్లు మా మామయ్యగారు చెప్పినవే. కాకి నలుపు, సేతు తెలుపు, డేగ ఎరుపు. రెక్కలమీద, వీపుమీద పసుపు ఉంటే నెమలి. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. తెల్ల ఒంటిమీద అక్కడక్కడా నలుపో గోధుమ రంగో ఉంటే పింగళ. ఏ రోజు ఏ రంగు పందెంలో గెలుస్తుందో ఆయన కుక్కుట శాస్త్రం చూసి చెప్పేవారు. నాకు ఆ గెలుపోటములతో పని లేదు. రంగు ఎలా పుడుతుందో, ఎలా నిలుస్తుందో మాత్రమే ఇక్కడ చెప్తాను. ఎక్కువగా పూల గురించి, కొంచెం మైల గురించి.

రాలిన ఈక ఒకటి తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. అసలైన పూలకు ఈక ఎర్రగా ఉంటుంది, చివరికొచ్చేసరికి నల్ల పట్టీ, దాని కొసన తెల్ల చుక్క. మూడు రంగులూ ఒకే ఈకలో ఉండాలి. ఒక ఈక ఎర్రగా, దాని పక్క ఈక తెల్లగా ఉన్న కోడి పూల కాదు. దాన్ని పూల అని అంటగట్టేవాళ్లు సంతలో బోలెడు మంది. నల్ల కోడికి తెల్ల చుక్కలుంటే దాన్నీ కొందరు పూల అనే అంటారు. చుక్క తెచ్చే గుణం రెండింటిలోనూ ఒకటే, కానీ కింద ఎరుపు లేని చుక్క నా కంటికి ఆనదు.

ఆ గుణాన్ని కోళ్ల శాస్త్రంలో మోట్లింగ్ అంటారు. అది అణిగి ఉండే గుణం. మా డ్వాక్రా గ్రూపు ఖాతాలాగే, ఇద్దరు సంతకం పెడితేనే బయటికొస్తుంది. తండ్రి నుంచి ఒక పాలు, అంటే ఒక వాటా, తల్లి నుంచి ఒక పాలు అందిన పిల్లకే చుక్కలు పడతాయి. ఒక్కరి నుంచే అందితే చూడ్డానికి మామూలు డేగే, లోపల మాత్రం గుణాన్ని మోస్తూ ఉంటుంది. వాటిని నేను మోసే పెట్టలు, మోసే పుంజులు అంటాను.

ఇక చాలామంది చేసేదేమిటంటే, వేలకు వేలు పోసి ఎక్కడినుంచో పూల పుంజును తెస్తారు, ఇంట్లో ఉన్న డేగ పెట్టల్లో వదులుతారు. పిల్లలు పుడతాయి, పెరుగుతాయి, ఒక్కదానికీ చుక్క రాదు. "పుంజులో పస లేదు" అని తేల్చి, ఆ ఎర్ర పిల్లల్ని సంక్రాంతికి కూరకు అమ్మేస్తారు. అమ్మేసిన వాటిలో ప్రతి ఒక్కటీ పూల గుణాన్ని మోస్తున్నదే. రంగు దొరకలేదని బాధపడే మనిషే ఆ రంగును కిలో లెక్కన తూచి ఇచ్చేశాడన్నమాట.

కాబట్టి మొదటి ఏడాది పూల పిల్ల కోసం ఎదురుచూడకండి. ఆ ఏడాది మోసే పెట్టల్ని తయారు చేసుకోవడానికే.

పెట్టను ఎంచడం

పూల పుంజుకు డేగ పెట్టలనే జత చెయ్యండి. రెండు మూడు చాలు, అవి ఒక తల్లి పిల్లలు కాకుండా ఉంటే మేలు. కాకి పెట్ట వద్దు. నలుపు ఎరుపును కప్పేస్తుంది, మొదటి తరమంతా నల్లగా వస్తుంది. ఆ తరంలో అన్నాచెల్లెళ్లను కలిపితే ఎర్ర ఈకమీద చుక్కలున్న పిల్ల పదహారింట ఒకటి వస్తుందనుకోవాలి. డేగ పెట్టతో మొదలుపెడితే అదే నాలుగింట ఒకటి. సేతు పెట్ట అసలే వద్దు. తెలుపు కింద ఏ రంగుందో బయటికి కనిపించదు, రెండు మూడేళ్లు దాని చిక్కులు విప్పుకుంటూ కూర్చోవాలి.

రంగు సంగతి అలా ఉంచి, ఎముక గట్టిగా ఉండి, పొదుగులోంచి పదేపదే లేచిపోని పెట్టను చూడండి. జాతి పెట్టలు గుడ్లు తక్కువే పెడతాయి. ఎనిమిదో పదో పన్నెండో పెట్టి పొదుగు పట్టేస్తాయి. ఉన్న నాలుగు గుడ్లూ మురిగిపోతే ఏడాది పోయినట్టే.

సంతలో "పూల రక్తమండీ ఇది" అని ఎర్ర పెట్టను అమ్మజూపితే మాట నమ్మక్కర్లేదు, పరీక్షించవచ్చు. దాన్ని పూల పుంజుతో కలిపి పిల్లలు తీయించండి. ఒక్క పూల పిల్ల వచ్చినా ఆ పెట్ట మోస్తున్నట్టే, ఇంక అనుమానం అక్కర్లేదు. అయిదు పిల్లలు పెరిగి అయిదూ డేగలే అయితే ఆ పెట్టలో గుణం దాదాపు లేనట్టే. నిజంగా మోసే పెట్టకు వరసగా అయిదూ అలా రావడం ముప్ఫై రెండింట ఒకసారి మాట.

జత కట్టే ముందు ఒక సంగతి. పెట్ట అంతకుముందు వేరే పుంజుతో తిరిగి ఉంటే ఆ పుంజు విత్తనం దాని కడుపులో రెండు వారాల పైనే నిలుస్తుంది. మూడు వారాలు పెట్టను ఒంటరిగా ఉంచండి. ఆ రోజుల్లో పెట్టిన గుడ్లు అట్టు వేసుకోండి, పొదగేయకండి. మన ఊళ్లలో కోళ్లు పగలంతా తోటలో తిరిగి రాత్రికి గూటికి చేరతాయి కదా, పక్కింటి పుంజు దడి దూకి వచ్చిందంటే లెక్కంతా తప్పుతుంది. కొబ్బరి మట్టల దడి ఒక్కటే చాలదు. నేను కొబ్బరి చెట్లకు వెదురు కర్రలు అడ్డంగా కట్టి, రొయ్యల చెరువు గట్టున కట్టే నైలాన్ వలను పైనా చుట్టూ బిగించాను. గద్ద భయం పోయింది. ముంగిస కోసం అడుగున జానెడు లోతు తవ్వి ఇనుప మెష్ దించాలి. తవ్వకపోతే ఎంత వల కట్టినా దండగే.

గుడ్డు, గుర్తు

కార్తీకం నుంచి మాఘం దాకా గుడ్లు పొదగేయడానికి మా వైపు మంచి కాలం. వానాకాలం తేమకు పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. రోహిణీ కార్తె ఎండల్లో పుంజులు డీలాపడతాయి, గుడ్లు చాలా వరకు ఒట్టిపోతాయి.

ప్రతి గుడ్డు మీదా ఏ పెట్టదో, ఏ తేదీదో పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో వద్దు. సన్నటి కొన కిందికి ఉండేలా, ఇంట్లో చల్లటి మూల ఊకలో నిలబెట్టి ఉంచండి. వారం దాటిన గుడ్డు పొదగేయకండి. జాతి పెట్ట బరువుకు ఒక్కోసారి గుడ్లు చితుకుతాయి, అందుకని నాటు పెట్ట కింద వేస్తాను. పది పన్నెండు గుడ్లకు మించి పెట్టను. ఏడో రోజు రాత్రి టార్చిలైటు వేసి చూస్తే దారాల్లాంటి నరాలు కనిపిస్తాయి. కనిపించని గుడ్డు తీసెయ్యండి.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. గుడ్డు మీద పేరు రాసినంత మాత్రాన పిల్ల మీద పేరు ఉండదు. ఇరవై ఒకటో రోజు తెల్లారేసరికి పెంకులన్నీ ఒకచోట, పిల్లలన్నీ ఒకచోట ఉంటాయి, ఏది ఎవరి పిల్లో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకని ఒక పొదుగు కింద ఒకే తల్లి గుడ్లు పెట్టండి. అంత వీలు లేకపోతే పద్దెనిమిదో రోజున ఒక్కో తల్లి గుడ్లను ఒక్కో పొదుగు పెట్ట కిందికి మార్చండి.

పిల్ల ఆరగానే గుర్తు వెయ్యాలి. కాలివేళ్ల మధ్య పల్చటి చర్మం ఉంటుంది, ఒక్కో కాలికి రెండు చోట్ల. అక్కడ చిన్న పంచ్‌తో చిల్లు వేస్తే జన్మంతా ఉంటుంది. నాలుగు చోట్లు కాబట్టి చిల్లు వేసీ వెయ్యకా పదహారు రకాల గుర్తులు వస్తాయి, ఇంటిపట్టున పెంచేవాళ్లకు ఎక్కువే. పంచ్‌ను ముందు స్పిరిట్‌తో తుడవండి. ఆ చర్మం పూర్తిగా తెగకపోతే చిల్లు మళ్లీ పూడుకుంటుంది, నాలుగో రోజు ఒకసారి చూసుకోండి. ప్లాస్టిక్ రింగులు కూడా వాడొచ్చు గానీ పిల్ల పెరిగే కొద్దీ మార్చాలి, మరిచిపోతే కాలు వాచిపోతుంది.

నోట్‌బుక్‌లో ప్రతి పిల్లకూ ఒక గీత: గుర్తు, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, పుట్టినప్పుడు నూగు రంగు. మా చిన్నాడు దీన్ని కోళ్ల రేషన్ కార్డు అంటాడు.

రెండో ఏడు

మొదటి ఏడు పుట్టిన ఎర్ర పెట్టలు ఏడెనిమిది నెలలకు గుడ్లకు వస్తాయి. ఇప్పుడు రెండు దారులున్నాయి. మోసే పుంజును మోసే పెట్టతో కలపడం ఒకటి. మోసే పెట్టను మళ్లీ ఆ పూల తండ్రితోనే కలపడం రెండోది.

మొదటి దారిలో నాలుగింట ఒకటి పూల వస్తుంది. పది పిల్లలు తీయించినా ఒక్కటీ రాకుండా పోయే అవకాశం పద్దెనిమిదింట ఒకటి, అది సరే. అసలు తలనొప్పి మిగతావాటితో. చుక్కల్లేని మూడింట్లో రెండు మోసేవి, ఒకటి ఖాళీ. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఉంచాలో, ఏది అమ్మాలో తేల్చుకోవడానికి మళ్లీ ఒక్కోదాన్నీ పరీక్షించాలి.

రెండో దారిలో సగం పూల, సగం డేగ. ఆ డేగల్లో ఖాళీది ఒక్కటీ ఉండదు, అన్నీ మోసేవే. తండ్రి పూల కాబట్టి ప్రతి పిల్లకూ ఒక పాలు తప్పకుండా అందుతుంది. అందుకే నేను ఎప్పుడూ ఈ దారే చెప్తాను. తండ్రికి కూతుర్ని కలపడమేంటని ముఖం చిట్లించేవాళ్లుంటారు. ఒక్కసారికి ఏమీ కాదు. అదే పని తరం తర్వాత తరం చేస్తే మాత్రం గుడ్లు పొదగవు, పిల్లలు నీరసంగా పుడతాయి, ఎముక సన్నబడుతుంది. రంగు బ్రహ్మాండంగా ఉండి నడవలేని పుంజు ఎవరికి కావాలి?

మూడో ఏడు వచ్చేసరికి బయట రక్తం కావాలి. మీలాగే ఇంకో ఊళ్లో వేరే పూల పుంజుతో పని చేసేవాళ్లు ఉంటే పెట్టల్ని మార్చుకోండి. పూల పుంజుకు పూల పెట్టను కలిపితే వచ్చేవన్నీ పూలే. అలా ఎవరూ దొరక్కపోవచ్చు, మొదటి ఏడాదే సంబంధం లేని డేగ పెట్టల్ని రెండు మూడు వాడమన్నది ఇందుకే. తండ్రి ఒక్కడే అయినా తల్లులు వేరు, కాస్త ఊపిరాడుతుంది.

ఏది ఉంచుకోవాలి

పిల్ల రంగు చూసి తొందరపడకండి. కాకి పిల్లలకు కూడా చిన్నప్పుడు రెక్కల కొసలు తెల్లగా ఉంటాయి, ఈక మార్చుకోగానే పోతాయి. మోసే పిల్లకు సైతం మెడమీద ఒకటీ అరా తెల్ల చుక్క మెరవొచ్చు. నిజం పూలకు కూడా తొలి ఈకల్లో తెలుపు గజిబిజిగా ఉంటుంది. అయిదారు నెలలు నిండి, పెద్ద ఈక పూర్తిగా దిగాక అప్పుడు చూడండి.

ఇక్కడ కొత్తవాళ్లకు మింగుడు పడని సంగతి ఒకటుంది. పూల కోడికి ఏటా ఈక రాలి కొత్త ఈక వచ్చినప్పుడల్లా తెలుపు పెరుగుతుంది. ఎనిమిది నెలలకు ఒళ్లంతా పూలు చల్లినట్టు ఉన్న పుంజు మూడేళ్లకు సగం తెల్లబడిపోతుంది. అదే వయసులో "చుక్కలు తక్కువ" అని పక్కన పెట్టిన పుంజు మూడేళ్లకు చూడముచ్చటగా తయారవుతుంది. అందుకని విత్తనానికి ఉంచేది తొలి ఏడు చుక్క తక్కువగా, నల్ల పట్టీ తెగకుండా, ఎరుపు ముదురుగా ఉన్నదాన్ని. కొనేవాళ్లు బాగా మెరిసేదాన్ని పట్టుకుపోతారు. పట్టుకుపోనివ్వండి. రెండుసార్లు ఈక మార్చుకున్నాక కూడా ఎరుపు నిలిచిన పుంజు దొరికితే దాన్ని ఎంతకీ అమ్మకండి.

బాదం, జీడిపప్పు పెడితే రంగు తేలుతుందంటారు. తేలదు. ఎరుపూ నలుపూ తల్లిదండ్రుల నుంచి రావాలి, తిండి నుంచి రావు. కాకపోతే ఈకంతా మాంసకృత్తే, కాబట్టి ఈక మార్చుకునే నెలల్లో తౌడూ నూకలతో సరిపెడితే ఈక పెళుసుగా, వెలిసినట్టు వస్తుంది. చోళ్లు, గంట్లు, వేరుశనగ చెక్కతో పాటు ఎండబెట్టి దంచిన రొయ్య పొట్టు పెడతాను. మా దగ్గర దానికి కొదవేముంది. ఉప్పు వేసి ఎండబెట్టింది మాత్రం వద్దు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఎరుపు వెలుస్తుంది, అరల మీద నీడ ఉండాలి.

మైల సంగతి

మైల లెక్క వేరు, చాలా తేలిక. డేగకు తోకలో, రెక్కల్లో ఉండే నలుపు బూడిద రంగుకు తిరిగితే మైల. ఈ గుణం అణిగి ఉండదు. ఒక్క పాలు అందితే చాలు, బయటికి కనిపిస్తుంది. మైలను డేగతో కలిపితే సగం మైల, సగం డేగ. ఆ డేగల్లో గుణం ఏమీ ఉండదు, నిశ్చింతగా అమ్ముకోండి.

మైలకు మైలను కలిపితే అన్నీ మైలే వస్తాయనుకుంటారు. రావు. సగమే మైల, పావు వంతు డేగ, మిగతా పావు వంతుకు రెండు పాళ్లూ అంది నలుపు ఉండాల్సిన చోటంతా వెలిసిపోయి, మాసిన తెలుపు మీద బూడిద మరకలు పడ్డట్టు ఉంటాయి. వాటిని చూసి జనం పెదవి విరుస్తారు. కానీ ఆ మరకల కోడిని డేగతో కలిపి చూడండి, పుట్టే ప్రతి పిల్లా మైలే. స్పెయిన్ దేశపు అండలూసియన్ నీలి కోళ్ల మీద బేట్సన్, పన్నెట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తలు 1900ల మొదట్లో ఈ లెక్కే తేల్చారు. అంటే మైల పెంచే ఇంట్లో అన్నిటికన్నా విలువైనది ఆ వెలిసిన కోడే. సంతలో అది చవగ్గా దొరుకుతుంది కూడా.

టీకాలు, కొత్త కోడి

ఇది క్లుప్తంగా చెప్తాను గానీ తేలిగ్గా తీసుకోవద్దు. కొక్కెర తెగులు వస్తే మూడేళ్ల శ్రమ వారంలో పోతుంది. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో లసోటా చుక్క (కొక్కెర తెగులు టీకా), రెండో వారంలో గంబోరో జబ్బు టీకా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది (అదీ కొక్కెర తెగులుకే). మీ ఊరి పశుసంవర్ధక సహాయకుల్ని అడగండి. మందు ఐసు ఫ్లాస్కులో వచ్చిందో లేదో చూసుకోండి, వెచ్చబడిన టీకా వేసినా వెయ్యనట్టే.

బయటినుంచి తెచ్చిన కోడి ఎంత అందంగా ఉన్నా మూడు వారాలు దూరంగా వేరే గూట్లో ఉంచండి. దాని నీళ్ల గిన్నె, మీరు దాని దగ్గరికి వేసుకెళ్లే చెప్పులు కూడా వేరు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారం కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. మన చుట్టూ చెరువులే, వాటి మీద కొంగలూ నీటికోళ్లూ వాలుతూనే ఉంటాయి. అందుకని కోళ్ల తొట్లలో చెరువు నీళ్లు పొయ్యకండి, దాణా ఆరుబయట చల్లకండి. ఒక్కసారిగా నాలుగైదు కోళ్లు చనిపోతే కోసి చూడకుండా, కాలవలో పారెయ్యకుండా పశువైద్యుడికి కబురు చెయ్యండి.

అమ్మడం

సంక్రాంతి ముందు రంగు పుంజుకు అడిగినంత ఇస్తారు. ఎందుకిస్తారో అందరికీ తెలుసు. కోళ్లను పందేనికి దింపడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, డబ్బు కాస్తే 1974 గేమింగ్ చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మూడేళ్లు కూర్చి కట్టిన రంగును కత్తి కట్టి అరగంటలో పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మార్గశిరం మొదలయ్యాక పెద్ద పుంజులు అమ్మను. కనుమ దాటాక రమ్మంటాను. మా మామయ్యగారికి మొదట్లో ఇది నచ్చలేదు. "ధర పోగొడుతున్నావమ్మా" అనేవారు. ఇప్పుడు ఆయనే గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లను తిప్పి పంపిస్తున్నారు.

అమ్మేటప్పుడు ఒంటరి పూల పుంజును ఇవ్వకండి. దానితో సంబంధం లేని మోసే పెట్టను ఒకదాన్ని కలిపి జతగా ఇవ్వండి. లేకపోతే కొన్నాయన మళ్లీ ఆ మొదటి ఏడాది ఎర్ర పిల్లల్ని చూసి మీకే ఫోన్ చేస్తాడు. రెండింటికీ చీటీ రాసివ్వండి: కాలి గుర్తు, తల్లి, తండ్రి, పుట్టిన నెల, వేసిన టీకాలు. పుంజు ధరలో సగమైనా ఆ పెట్టకు అడగండి. "ఎర్ర పెట్టకు ఇంతా?" అని తప్పకుండా బేరమాడతారు. పుంజు మీద వంద రెండొందలు తగ్గించినా ఫరవాలేదు గానీ పెట్ట మీద తగ్గించకండి.